అవ్వ రాసిన ‘చేర్తిని’ని దిద్దాలా?

సందేహం: పోయిన నెల మా అవ్వ కాలం చేసింది. తొంభై దాటినాయి. చంద్రగిరి పక్కన మా పల్లెలోనే పుట్టి పెరిగిందని అందరం అనుకుంటూ వచ్చాం. రేకుపెట్టె సర్దుతుంటే ఒక నోటుబుక్కు దొరికింది. అందులో ‘కాందిశీకురాలు’ అని రాసి, కింద మూడు వాక్యాలు: ‘రంగూను విడిస్తిమి. తాము దాకా నడిస్తిమి. ఇంపాలు చేర్తిని.’ బర్మా సంగతి మా పెద్దత్తకు కూడా తెలియదు. సంవత్సరీకానికి వేసే చిన్న పుస్తకంలో ఈ మాటలు పెట్టాలనుకుంటున్నాం. ‘తాము’ అంటే ఎవరు? చివరిది ‘చేర్తిమి’ అని దిద్దాలా? కాందిశీకురాలు అనడం చిన్నతనమా?
– ఒక పాఠకురాలు, తిరుపతి

సమాధానం: అమ్మా, ముందు మీ దుఃఖానికి నా సానుభూతి. దయచేసి ఒక్క అక్షరం కూడా దిద్దకండి.

‘తాము’ ఇక్కడ సర్వనామం కాదు. సర్వనామమైతే ‘దాకా’ ముందు ‘తమ’ అవుతుంది. ‘తమ దాకా వస్తే గానీ తెలియదు’ అంటామే గానీ ‘తాము దాకా’ అనం. అవ్వ రాసింది ఊరి పేరు. బర్మా, మణిపురం సరిహద్దులో ఉంది ఆ ఊరు. 1941 డిసెంబరు 23న రంగూను మీద జపాను బాంబులు పడ్డాయి. 1942 మార్చి 8న నగరం జపాను వశమైంది. ఆ నెలల్లో లక్షల మంది భారతీయులు బర్మా విడిచారు. ఓడల్లో చోటు దొరకనివాళ్లు కొండదోవలు పట్టారు. చింద్విన్ నది దాటి, తాము మీదుగా ఇంఫాల్ చేరే దోవ వాటిలో ఒకటి. కలరాకూ మలేరియాకూ ఆకలికీ వేలమంది దోవలోనే పోయారు.

ఇక ‘చేర్తిని’. మన చిత్తూరు, తిరుపతి పల్లెల్లో ‘నేను పోతిని, తింటిని, వస్తిని’ అంటే జరిగిపోయిన పని. ‘పోయితిని, తింటిని, వచ్చితిని’ అని పాత కావ్యాల్లో కనిపించే రూపాలే ఇవి, మన ఇళ్లల్లో ఇంకా బతికి ఉన్నాయి. బళ్లో ఇలా రాస్తే ఎర్రసిరాతో కొట్టేసేవాళ్లు. ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది. ఈ రూపాల్లో ‘-తిని’ ఒకరికి, ‘-తిమి’ ఒకరికంటే ఎక్కువమందికి. మీ అవ్వకు ఈ తేడా బాగా తెలుసు, రెండుసార్లు ‘-తిమి’ రాశారు కాబట్టి. మూడోసారి చెయ్యి తప్పిందని నేననుకోను. రంగూను విడిచినప్పుడు ఆమె వెంట మనుషులున్నారు. తాము దాకా ఉన్నారు. ఇంఫాల్ చేరింది ఆమె ఒక్కతే. అప్పటికి పన్నెండు పదమూడేళ్ల పిల్ల అయ్యుంటుంది. మీ ఇంట్లో ఎవరికీ చెప్పుకోలేని మాటను ఆమె ఆ ఒక్క ‘ని’లో పెట్టి పోయారు. దాన్ని ‘మి’ చేస్తే వాక్యం సరిపోయినట్టే కనిపిస్తుంది గానీ, దోవలో పోయినవాళ్లను బతికించి ఇంఫాల్ చేర్చినట్టవుతుంది.

కాందిశీకురాలు అనడంలో చిన్నతనమేమీ లేదు. ‘కాందిశీకో భయద్రుతః’ అని అమరకోశం. భయంతో పరుగెత్తినవాడు అని అర్థం. ‘కాం దిశం’, అంటే ‘ఏ దిక్కుకు?’ అనే ప్రశ్న నుంచి పుట్టిన మాట. శరణార్థి అంటే ఆశ్రయం కోరి వచ్చినవాళ్లు, ఆ మాట చేరిన చోటును చూస్తుంది. కాందిశీకురాలు అన్నప్పుడు ఇంకా దోవ మీదే ఉన్న మనిషి కనిపిస్తుంది. బర్మా నుంచి వచ్చినవాళ్లను తెలుగునాట ‘బర్మా కాందిశీకులు’ అనే అన్నారు. అవ్వ తనకు తాను ఎంచుకున్న మాట అది, అలాగే అచ్చు వేయించండి.

పెద్దత్తను మాత్రం ఇంకొకసారి అడగండి. బర్మా అని కాదు. ‘అవ్వ ఏటా ఏదన్నా ఒక దినం, ఎందుకో చెప్పకుండా, ఒక్కపొద్దు ఉండిందా?’ అని.