పారేయమన్నావా, అటకెక్కించమన్నావా?

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

మెమరీ బిగుసుకున్నప్పుడు ఏ పేజీలు (మెమరీని కోసుకున్న సమాన ముక్కలు) ముందుగా వెనక్కి తీసుకోవచ్చో ప్రోగ్రామే కెర్నెల్‌కి (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయకి) చెప్పుకునేలా మీ టీమ్ పెడుతున్న కొత్త కాల్ డిజైన్ చదివాను. అందులో 'అక్కర్లేదు' అని ఒకే ఒక్క ఫ్లాగ్ ఉంది. ముందు దాన్ని విడగొట్టు తల్లీ, మిగతావన్నీ తర్వాత.

ఇంట్లో ఒక సామాను 'అక్కర్లేదు' అంటే రెండు అర్థాలు. పారేయమని ఒకటి, అటకెక్కించమని ఒకటి. పారేసింది మళ్లీ అడిగితే దొరకదు. అటకెక్కించింది దించుకోవడానికి నిచ్చెన వేయాలి, ఆలస్యమవుతుంది, కానీ సామాను భద్రం. ఈ రెంటికీ ఒకే పేరు పెడితే ఏమవుతుందో లినక్స్‌లోనే కనిపిస్తుంది. యూనిక్స్ తరహా సిస్టమ్‌లన్నిటికీ ఉమ్మడిదైన పోసిక్స్ ప్రమాణం ప్రకారం డోంట్‌నీడ్ ('అక్కర్లేదు') ఫ్లాగ్ ఉత్త సలహా, దానివల్ల డేటా మారకూడదు. మెమరీ గురించి కెర్నెల్‌కి చెప్పే లినక్స్ కాల్ మ్యాడ్‌వైజ్‌లో అదే పేరున్న ఫ్లాగ్ ప్రైవేట్ అనానిమస్ పేజీలను (వెనక ఏ ఫైలూ లేని, ప్రోగ్రామ్ సొంత పేజీలను) అప్పటికప్పుడే వదిలేస్తుంది, ఆ తర్వాత చదివితే సున్నాలే. అందుకే లినక్స్ ప్రోగ్రామ్‌లు వాడే సీ లైబ్రరీ గ్లిబ్‌సీ 2.6 నుంచి పోసిక్స్ మ్యాడ్‌వైజ్‌లో డోంట్‌నీడ్ అడిగితే ఏమీ చేయకుండా ఊరుకుంటుంది.

నీకు పరీక్ష ఒకటే. కెర్నెల్ ఆ కాల్‌ని అసలు పట్టించుకోకపోయినా, అతిగా పట్టించుకున్నా ప్రోగ్రామ్ ఇచ్చే జవాబు మారకపోతే అది హింట్. మారితే అది ఆజ్ఞ. ఆజ్ఞకి వేరే పేరు పెట్టు, వీలైతే వేరే కాలే పెట్టు.

ఈ రెంటికీ మధ్య ఇంకొకటి ఉంది: 'పారేసినా నష్టం లేదు, కానీ అవసరం పడ్డప్పుడే పారేయ్'. లినక్స్‌లో ఇది 4.5 వెర్షన్‌తో 2016లో వచ్చిన ఫ్రీ ఫ్లాగ్. దీన్ని దగ్గర్నుంచి చూడు. 16 ఎంబీ బఫర్ అంటే 4 కేబీ చొప్పున 4096 పేజీలు. వాటన్నిటికీ ఫ్రీ చెప్పావు. ఒత్తిడి వచ్చి కెర్నెల్ కొన్నిటిని తీసుకుంది, కొన్నిటిని వదిలేసింది. ఇప్పుడు ఒక పేజీ చదివితే పాత డేటా రావచ్చు, సున్నాలు రావచ్చు, ఏది వస్తుందో ముందు తెలియదు. ఏదైనా పేజీలో ఒక్క బైటు రాస్తే ఆ ఒక్క పేజీకి మాత్రం వదిలేసిన మాట రద్దవుతుంది, పక్క పేజీకి కాదు. అంటే రెండు పేజీల మీద పడుకున్న ఒక స్ట్రక్చర్‌లో సగం పాతది, సగం సున్నాలు అయిపోవచ్చు. ప్రోగ్రామ్‌కి మెమరీ పంచిపెట్టే అలొకేటర్‌కి దీంతో ఇబ్బంది లేదు, ఎందుకంటే దానికి లోపలి విషయంతో పనిలేదు. విప్పి పెట్టుకున్న బొమ్మల క్యాష్‌కి మాత్రం ఇది పనికిరాదు. దానికి కావాల్సింది 'నా సామాను ఉందా, పోయిందా?' అన్న ప్రశ్నకి నిక్కచ్చి జవాబు.

అందుకని క్యాష్‌ల కోసం పిన్ ('వాడుతున్నా, తీయకు'), అన్‌పిన్ ('కావాలంటే తీసుకో') పద్ధతి పెట్టు. ఆండ్రాయిడ్‌లో పంచుకునే మెమరీ ఇచ్చే అష్‌మెమ్‌లో అన్‌పిన్ చేసిన భాగాన్ని మళ్లీ పిన్ చేస్తే, ఈలోపు అది పోయిందో లేదో ఆ కాలే చెబుతుంది. విండోస్ 8.1లో వచ్చిన ఆఫర్ వర్చువల్ మెమరీ, రిక్లెయిమ్ వర్చువల్ మెమరీ జంట కూడా అలాంటిదే: విషయం పోయి ఉంటే రిక్లెయిమ్ కాల్ ఎర్రర్ బిజీ అని తిప్పి చెబుతుంది. లినక్స్‌లో ఇలాంటిదాని మీదే వోలటైల్ రేంజెస్ పేరుతో ఏళ్ల తరబడి చర్చ జరిగి, చివరికి అది కెర్నెల్‌లోకి రాలేదు. తేలని చిక్కుల్లో ఒకటి నీకూ ఎదురవుతుంది: పిన్ చేయకుండానే ప్రోగ్రామ్ ఆ పేజీని ముట్టుకుంటే ఏం చేయాలి? సున్నాలు ఇవ్వాలా, సిగ్‌బస్ (మామూలుగా ప్రోగ్రామ్‌ని అక్కడికక్కడే ఆపేసే సిగ్నల్) కొట్టాలా? నా మాట సిగ్‌బస్‌కే. చప్పుడు లేకుండా వచ్చిన సున్నాలు ఎక్కడో పది ఫంక్షన్ల అవతల తప్పుడు బొమ్మగా బయటపడతాయి, అక్కడ మూలం వెతకడం నరకం. ఇంకోటి, తీసుకుంటే అన్‌పిన్ చేసిన భాగం మొత్తాన్నీ ఒకేసారి తీసుకో, పేజీ పేజీగా కొరకొద్దు.

అటకెక్కించే రకంలో లినక్స్ 5.4లో (2019) వచ్చిన కోల్డ్, పేజ్‌అవుట్ రెండూ చూసి నేర్చుకో. కోల్డ్ అంటే పేజీని వరసలో వెనక్కి నెట్టడం, అంతే. పేజ్‌అవుట్ అంటే ఇప్పుడే బయటికి పంపడం. స్వాప్ (పేజీలు దాచే డిస్క్ చోటు) గానీ జెడ్‌ర్యామ్ (పేజీలను కుదించి మెమరీలోనే దాచే చోటు) గానీ లేని పరికరంలో అనానిమస్ పేజీలకి పేజ్‌అవుట్ చెబితే కదిలేది ఏమీ లేదు, ఈ మాట మీ డాక్యుమెంట్‌లో ఉండాలి. ఇతరులతో పంచుకున్న పేజీల దగ్గర జాగ్రత్త. వాటిని బయటికి నెట్టే హక్కు అందరికీ ఇస్తే, అవి మళ్లీ లోపలికి ఎప్పుడు వచ్చాయో గడియారం పెట్టి కొలిచి పక్క ప్రాసెస్ ఏం చేస్తోందో పసిగట్టొచ్చు. ఫైల్ పేజీలైతే ఆ ఫైల్ సొంతదారుకో, దాంట్లో రాసే అనుమతి ఉన్నవాళ్లకో మాత్రమే ఇవ్వు.

హింట్ ఎవరు ఇవ్వాలన్నది మీ కాగితంలో అసలు లేదు. ఫోన్లో వెనక్కి వెళ్లిపోయిన యాప్‌కి తాను ఎంతసేపు పడుకుంటుందో తెలియదు, యాప్‌లను నడిపే సర్వీస్‌కి తెలుస్తుంది. లినక్స్ 5.10లో, ఒక ప్రాసెస్ తరఫున మరొకటి హింట్ ఇచ్చే ప్రాసెస్ మ్యాడ్‌వైజ్ వచ్చింది ఇందుకే. అక్కడ ప్రాసెస్‌ని నంబరుతో కాదు, పిడ్‌ఎఫ్‌డీతో (ఆ ఒక్క ప్రాసెస్‌నే పట్టుకుని ఉండే హ్యాండిల్‌తో) గుర్తిస్తారు, నంబర్లు మళ్లీ వేరేవాళ్లకి వెళ్లిపోతాయి గనక. మెమరీ మ్యాప్ (ఏ అడ్రస్‌లో ఏముందో చెప్పే పట్టిక) చదివిన క్షణానికీ కాల్ ఇచ్చిన క్షణానికీ మధ్య అవతలి ప్రాసెస్ ఆ అడ్రస్‌లో ఇంకేదో పెట్టుకోవచ్చు. అటకెక్కించే హింట్ అయితే ఆ పొరపాటుకి ఖరీదు కాస్త ఆలస్యం. పారేసే ఆజ్ఞ అయితే ఎదుటివాళ్ల డేటా. కాబట్టి బయటివాళ్లకి పారేసే హక్కు ఇవ్వొద్దు.

పొడవు సంగతి చిన్నదనుకోకు. మ్యాడ్‌వైజ్‌లో మొదలు అడ్రస్ పేజీ హద్దు మీద లేకపోతే ఈఇన్వాల్ ('అడిగింది చెల్లదు' అనే ఎర్రర్) వస్తుంది గానీ, పొడవుని మాత్రం పైకి గుండ్రం చేస్తారు. 5000 బైట్లు అంటే 4 కేబీ పేజీల మీద 8192 పోతాయి, 16 కేబీ పేజీల మీద 16384 పోతాయి. ఆ చివర పేజీలో పక్కవాళ్ల డేటా ఉంటే అదీ పోతుంది. పారేసే కాల్‌లో సరిగ్గా పేజీల లెక్కకి రాని పొడవుని తిప్పికొట్టు. తెలియని ఫ్లాగ్‌లకీ ఈఇన్వాలే ఇవ్వు, అప్పుడే ప్రోగ్రామ్‌లు ఈ కెర్నెల్‌లో ఏది ఉందో అడిగి తెలుసుకోగలవు. పని సగమే అయితే ఎన్ని బైట్ల దాకా అయిందో చెప్పు. సీగ్రూప్‌లోని (కొన్ని ప్రాసెస్‌లని గుంపు చేసి హద్దులు పెట్టే లినక్స్ ఏర్పాటులోని) మెమరీ రిక్లెయిమ్ ఫైల్ అడిగినంత తీయలేకపోతే ఈఅగైన్ ఎర్రర్‌తో ఒప్పుకుంటుంది, ఆ నిజాయితీ నీ కాల్‌కీ కావాలి.

లెక్కలు మొదటి రోజు నుంచే చూపించు. గో భాష 1.12లో (2019) ఫ్రీ ఫ్లాగ్‌కి మారింది. పేజీలు నిజంగా తీసుకునేదాకా ఆర్‌ఎస్‌ఎస్‌లోనే (ప్రాసెస్ వాడుతున్న అసలు మెమరీ లెక్కలోనే) ఉంటాయి గనక, మెమరీ తగ్గడం లేదు, లీక్ అవుతోందని జనం కంగారుపడ్డారు. 1.16లో (2021) మళ్లీ డోంట్‌నీడ్‌కి వెళ్లిపోయారు. ప్రాసెస్ మెమరీని విడివిడిగా చూపే ఎస్‌మ్యాప్స్ ఫైల్‌లో ఈ పేజీలకి లేజీఫ్రీ అని లైన్ ఉంది, కానీ మామూలుగా టాప్ కమాండ్ చూసేవాళ్లు అంతదూరం వెళ్లరు.

ఖర్చు కూడా రాయి. పేజీలు ఊడదీసిన ప్రతిసారీ ఆ ప్రాసెస్ థ్రెడ్లు నడుస్తున్న ఇతర సీపీయూలకి టీఎల్‌బీ (అడ్రస్ అనువాదాలు గుర్తుంచుకునే చిన్న పట్టిక) ఖాళీ చేయమని కబురు వెళ్లాలి. 4 కేబీకి ఒక కాల్ చొప్పున పిలిస్తే మిగిలేది ఆ కబుర్లే. 2 ఎంబీ పెద్ద పేజీలోంచి ఒక్క చిన్న ముక్క తీస్తే మ్యాపింగ్ చీలుతుంది, మెమరీ వెంటనే తిరిగి రాకపోనూ వచ్చు. చాలా రేంజ్‌లు ఒకే కాల్‌లో ఇచ్చే వీలు పెట్టు.

పరీక్ష ఇలా చేయి. గట్టి మెమరీ హద్దున్న సీగ్రూప్‌లో ప్రతి పేజీలో తెలిసిన నమూనా రాసి, హింట్ ఇచ్చి, సగం పేజీల్లో తలా ఒక బైటు మార్చి, పక్కనుంచి ఒత్తిడి పెట్టు. మార్చిన పేజీ ఒక్కటి పోయినా బగ్గే. మార్చని పేజీలో పాత నమూనా లేదా పూర్తి సున్నాలు తప్ప మూడోది కనిపిస్తే అదీ బగ్గే. స్వాప్ లేకుండా ఒకసారి, జెడ్‌ర్యామ్‌తో ఒకసారి, 16 కేబీ పేజీలతో ఒకసారి. తర్వాత అటకెక్కించే హింట్‌లతో నడిపి, సీగ్రూప్ మెమరీ స్టాట్ ఫైల్‌లో వర్కింగ్‌సెట్ రీఫాల్ట్ (బయటికి పంపిన పేజీలు మళ్లీ లోపలికి వచ్చిన లెక్క) అంకె చూడు. హింట్ ఇచ్చాక అది ఎగబాకితే, అప్లికేషన్ వాడుకలో ఉన్నదాన్నే అటకెక్కిస్తోందన్నమాట.

కోడ్ మొదలుపెట్టకముందే మాన్యువల్ పేజీ రాసి పంపు. పిన్ లేకుండా ముడితే ఏమవుతుంది, పొడవు హద్దు దాటితే ఏమవుతుంది, మధ్యలో మ్యాప్ కాని ఖాళీ తగిలితే ఏమవుతుంది, ఈ మూడు వాక్యాలూ అందులో ముందు వెతుకుతాను.

ప్రేమతో,
మామయ్య