ప్రభుత్వ ప్లీడరు సలహా తప్పయితే బాధ్యత ఎవరిది?

ప్రశ్న: మా నాన్నగారు రెవెన్యూ శాఖలో పనిచేసి రిటైరయ్యారు. ఫైల్లో ప్రభుత్వ ప్లీడరు అభిప్రాయం ఉంటే ఇక ఆ నిర్ణయానికి తిరుగుండదని ఆయన అంటారు. ప్రభుత్వం ఆ సలహాను పాటించి తీరాలా? సలహా తప్పయితే బాధ్యత ఎవరిది?
– ఒక పాఠకురాలు, ఎం.వి.పి. కాలనీ, విశాఖపట్నం

జవాబు: పాటించి తీరాలన్న నియమమేదీ లేదు. రాజ్యాంగం 165వ అధికరణం ప్రకారం గవర్నరు నియమించే అడ్వకేట్ జనరల్ న్యాయపరమైన విషయాల్లో రాష్ట్ర ప్రభుత్వానికి సలహా ఇస్తారు. విశాఖ వంటి జిల్లా కేంద్రాల్లో అధికారులు సాధారణంగా ప్రభుత్వ ప్లీడరు అభిప్రాయం కోరుతారు. ఎవరిచ్చినా అది సలహాయే. ఉత్తర్వుపై సంతకం చేసిన అధికారే దానికి జవాబుదారీ. నష్టపోయినవారు 226వ అధికరణం కింద హైకోర్టుకు వెళ్తే, న్యాయమూర్తులు చూసేది ఆ ఉత్తర్వు చట్టానికి నిలుస్తుందా లేదా అన్నదే తప్ప, దాని వెనుక ఎవరి అభిప్రాయం ఉందన్నది కాదు.

అసలు చిక్కు సలహా అడిగే తీరులో ఉంది. "ఈ తీర్పుపై అప్పీలుకు ఆధారాలున్నాయా?" అని రాసి, పూర్తి రికార్డు జతచేసి పంపడం ఒక పద్ధతి. "అప్పీలు చేయాలని నిర్ణయించడమైనది, తగిన అభిప్రాయం పంపగలరు" అని రాయడం మరో పద్ధతి. ఈ రెండోదానిలో అడుగుతున్నది సలహా కాదు, ముందే జరిగిపోయిన నిర్ణయానికి ముద్ర. అడ్వకేట్ జనరల్ సైతం గవర్నరు ఇష్టమున్నంత కాలమే, అంటే ఆచరణలో ప్రభుత్వానికి ఇష్టమున్నంత కాలమే, పదవిలో ఉంటారు గనుక, అటువంటి నోటుకు "చట్టం ఒప్పుకోదు" అని జవాబు రాయడానికి ధైర్యం కావాలి.

ఆ ధైర్యం లేనప్పుడు ఏమవుతుందో అమెరికాలో చూశాం. 2002 ఆగస్టులో అక్కడి న్యాయశాఖలో ప్రభుత్వానికి చట్ట సలహా ఇచ్చే లీగల్ కౌన్సెల్ కార్యాలయం, చిత్రహింస అనే మాటకు అతి సంకుచితమైన అర్థం చెబుతూ మెమో రాసి, ఖైదీలపై సి.ఐ.ఏ. కఠిన విచారణ పద్ధతులకు దారి ఇచ్చింది. 2004లో ఆ మెమోను ఉపసంహరించుకోవలసి వచ్చింది. దానిని రాసినవారిది వృత్తిపరమైన దుష్ప్రవర్తనేనని శాఖాపరమైన విచారణలో తేలినా, 2010లో ఆ శాఖ ఉన్నతాధికారి ఒకరు దానిని వివేచనా లోపంగా మాత్రమే పరిగణించారు. అంత ఘోరానికి ఆ మాట చాలదని నా అభిప్రాయం.

మన దగ్గర, హైదరాబాద్‌లోని ఒక బ్యాంకు ప్యానెల్ న్యాయవాదిపై పెట్టిన క్రిమినల్ కేసులో 2012లో సుప్రీంకోర్టు, అభిప్రాయం తప్పయినంత మాత్రాన న్యాయవాది నేరస్థుడు కాడనీ, మోసంలో ఆయనకు భాగముందనడానికి సాక్ష్యం ఉండాలనీ చెప్పింది. ఇది సబబే, లేకపోతే ఎవరూ నిర్భయంగా అభిప్రాయం రాయరు. అయితే తెలిసి తెలిసీ చట్టాన్ని వక్రీకరించి రాసినవారిపై, 1961 నాటి న్యాయవాదుల చట్టంలోని 35వ సెక్షన్ కింద రాష్ట్ర బార్ కౌన్సిల్‌కు ఫిర్యాదు చేయవచ్చు.