విశాఖలో ఉన్నత విద్య అవకాశాలు పెరగాలంటే కొత్త కాలేజీలు కావాలా?

నా లెక్కలో కొత్త కాలేజీల కంటే ముందు కావలసినవి వేరే ఉన్నాయి. 2015లో ఐఐఎం వచ్చింది, సబ్బవరంలో లా యూనివర్సిటీ ఉంది. మంచిదే, కానీ వాటిలో చేరడానికి రాసే క్యాట్, క్లాట్ పరీక్షలంటే దేశమంతటితో పోటీ. చుట్టుపక్కల పిల్లల్లో ఎక్కువమందికి దిక్కు 1926 నాటి ఆంధ్రా యూనివర్సిటీ, మామూలు డిగ్రీ కాలేజీలే. పాడేరు నుంచి వచ్చిన అమ్మాయికి సీటు దొరికినా, హాస్టల్ దొరక్కపోతే మద్దిలపాలెంలో గది అద్దె టెన్షన్. అందుకే ముందు హాస్టళ్లు కట్టాలి, లైబ్రరీలు మూసేదాకా బస్సులు నడపాలి. షిప్‌యార్డు, స్టీల్ ప్లాంట్‌లో పనిచేసేవాళ్లకి సాయంత్రం తరగతులు పెడితే ఉన్న భవనాలే సరిపోతాయి. షిఫ్టులు మారుతుంటాయి కాబట్టి అదే పాఠం ఉదయం కూడా చెప్పాలి. అంటే అధ్యాపకుల ఖాళీలు నింపక తప్పదు.