ఆయాసం ఎక్కువైతే ఏం చూడాలి, 108కి ఎప్పుడు ఫోన్ చేయాలి?

పొగ అలవాటే లేని మీ అమ్మగారికి సీఓపీడీ (ఊపిరితిత్తుల్లో గాలి గొట్టాలు ఇరుకైపోయి ఆయాసం తెచ్చే దీర్ఘకాలిక జబ్బు) ఎలా వచ్చిందని, అది ఆస్తమాయే కదా అని, ఎప్పుడు ఆసుపత్రికి పరుగెత్తాలని అడిగారు. నేను డాక్టర్‌ని కాదు. మా అత్తగారికి ఇదే జబ్బు, చూసుకునేది నేనే కాబట్టి తెలిసింది చెబుతున్నాను.

మా అత్తగారు కూడా చుట్ట, బీడీ ఎరగరు. కానీ గ్యాస్ వచ్చేదాకా కట్టెల పొయ్యి మీదే వంట. కిటికీ లేని వంటగది, వానాకాలం తడి కట్టెలు, గొట్టంతో ఊదుతూ ఆ పొగలోనే కూర్చోవడం. ఊపిరితిత్తులు పాడవడానికి ఆ పొగ చాలని డాక్టర్ చెప్పారు. మీ అమ్మగారి వంట దేనిమీద సాగిందో ఒకసారి అడగండి.

ఆస్తమా చాలామందికి చిన్నప్పుడే మొదలవుతుంది. వచ్చిపోతూ ఉంటుంది, మందు పడితే దాదాపు మామూలైపోతారు. సీఓపీడీలో ఆయాసం ఏళ్ల తరబడి మెల్లగా పెరుగుతుంది, మందు వేసినా శ్వాసనాళాలు పూర్తిగా తెరుచుకోవు. ఇది తేలేది స్పైరోమెట్రీలో, అంటే గొట్టంలోకి గట్టిగా ఊదే పరీక్షలో. మందు పీల్చాక కూడా, ఊదిన మొత్తం గాలిలో మొదటి సెకనులో వచ్చింది 70 శాతం కన్నా తక్కువుంటే సీఓపీడీ అంటారు. ఎక్స్‌రే ఒక్కటే చాలదు. ఆ పరీక్ష చేయకపోతే అడిగి చేయించండి. అన్నట్టు, దగ్గు రెండు వారాలు దాటితే కళ్లె పరీక్ష కూడా చేయించాలి. ప్రభుత్వ ఆసుపత్రిలో టీబీ పరీక్ష ఉచితమే.

ఇక ఎమర్జెన్సీ. పిల్లికూతల కన్నా ముందు మాట వినండి. మా అత్తగారు ఎంత ఆయాసంలోనైనా "పాలు పొంగుతున్నాయ్, చూడవే!" అని గదిలోంచి కేకేసే మనిషి. ఒక రాత్రి మంచం అంచున కూర్చుని, చేతులు మోకాళ్లమీద ఊని, "నీళ్లు" అని ఆగి, ఊపిరి తీసుకుని, "ఇవ్వు" అన్నారు. ఊపిరి తీసినప్పుడల్లా మెడ కింద గుంట పడుతోంది. కూతలు వినిపించట్లేదు, తగ్గిందేమో అన్నారు మా వారు. తగ్గడం కాదు, కూత రావడానికి కూడా గాలి ఆడట్లేదు. వెంటనే 108కి ఫోన్ చేశాం. బండి వచ్చేదాకా పడుకోబెట్టకుండా కూర్చోబెట్టే ఉంచి, డాక్టర్ ముందే చెప్పినట్టు సాల్బుటమాల్ (శ్వాసనాళాలను తెరిచే మందు) ఇన్‌హేలర్‌ని స్పేసర్‌తో, అంటే ఇన్‌హేలర్‌కి తగిలించే డబ్బా గొట్టంతో, ఒక్కో పఫ్ ఇస్తూ వచ్చాను. ఆసుపత్రిలో బైప్యాప్ మాస్కు, అంటే ఒత్తిడితో గాలిని లోపలికి పంపే మాస్కు పెట్టారు. ఆ మాస్కు ఆవిడకు పరమ అసహ్యం, పీకేయకుండా చెయ్యి పట్టుకుని కూర్చోవాల్సి వచ్చింది.

పెదాలు నీలంగా మారినా, మనిషి మగతగా ఉన్నా, పొంతన లేకుండా మాట్లాడినా అసలు ఆలోచించకుండా 108కి ఫోన్ చేయండి. ఉన్నట్టుండి ఛాతీలో ఒకవైపు పొడిచినట్టు నొప్పితో ఆయాసం వచ్చినా, ఒక కాలు వాచి ఆయాసం వచ్చినా అంతే, ఇన్‌హేలర్‌తో కూర్చోకూడదు.

ఆక్సిజన్ గురించి ఒక మాట. కోవిడ్ టైంలో కొన్న కాన్సన్‌ట్రేటర్లు (ఆక్సిజన్ ఇచ్చే మిషన్లు) చాలా ఇళ్లలో ఉన్నాయి కదా, సీఓపీడీ మనిషికి వాటిని ఇష్టమొచ్చినట్టు పెంచకూడదు. ఎక్కువైతే కొందరికి రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పేరుకుని మత్తులోకి జారిపోతారు. మా ఫైలు మీద డాక్టర్ పెద్ద అక్షరాలతో "88–92" అని రాసిచ్చారు. అంటే వేలికి పెట్టే ఆక్సీమీటర్‌లో ఆక్సిజన్ శాతం ఆ మధ్యలో ఉంటే చాలు, 98 రావాలని తాపత్రయపడొద్దని అర్థం. మీ అమ్మగారికి ఎంత ఉండాలో మీ డాక్టర్‌తోనే రాయించుకోండి.

మృగశిర కార్తెకు హైదరాబాద్ నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌లో ఆయాసానికి మందని ఇచ్చే చేప ప్రసాదానికి తీసుకెళ్లమని మీకూ ఎవరో ఒకరు చెప్పే ఉంటారు. నమ్మకం మీ ఇష్టం. ఆ జనంలో, ఆ క్యూలో ఆయాసం మనిషిని నిలబెట్టడం మాత్రం నాకు నచ్చదు. వెళ్లినా ఇన్‌హేలర్ ఆపకండి, బ్యాగులో పెట్టుకునే వెళ్లండి.