లాటిన్‌లో ‘పెర్టినాకియా’ అంటే మొండితనమా, పట్టుదలా?

ఎక్కువగా మొండితనమే. ‘పట్టుకోవడం’ అనే అర్థమున్న ‘తెనేరె’ క్రియ దీని మూలం. దాని ముందు ‘పూర్తిగా, చివరిదాకా’ అని చెప్పే ‘పెర్’ చేరింది. అంటే పట్టిన పట్టు విడవకపోవడం. మన ‘మొండిపట్టు’ దీనికి బాగా అతుకుతుంది.

పట్టుదలకు రోమన్లు ‘పెర్సెవెరాంతియా’ అనేవాళ్లు. రోమన్ వక్త సిసిరో యువకుడిగా రాసిన అలంకారశాస్త్ర గ్రంథంలో ఈ రెండింటినీ పక్కపక్కనే పెట్టాడు: పెర్సెవెరాంతియా సద్గుణం, దాన్ని ఆనుకునే ఉండే దోషం పెర్టినాకియా. అయితే అందరూ ఇంత కచ్చితంగా వాడలేదు. లివీ లాంటి చరిత్రకారుల దగ్గర ఇది మెచ్చుకోలుగానూ కనిపిస్తుంది. కాబట్టి సందర్భం చూడకుండా అర్థం తేల్చకండి.

తిట్టుగా వాడినదానికి బాగా తెలిసిన ఉదాహరణ చిన్న ప్లినీది. క్రీ.శ. 112 ప్రాంతంలో బిథినియా (నేటి టర్కీలోని రోమన్ రాష్ట్రం) గవర్నరుగా ఉంటూ ట్రాజన్ చక్రవర్తికి క్రైస్తవుల గురించి ఉత్తరం రాశాడు. వాళ్లు ఒప్పుకున్నది నేరమో కాదో అలా ఉంచితే, ఆ పెర్టినాకియాకూ, వంగని ‘ఒబ్‌స్టినాతియో’కూ (మంకుపట్టుకూ) మాత్రం శిక్ష పడాల్సిందే అన్నాడు! నేరం తేలకపోయినా మొండితనమే నేరమైపోయిందన్నమాట.

విశేషణ రూపం ‘పెర్టినాక్స్’. 193లో మూడు నెలలైనా నిండకుండానే సైనికుల చేతిలో హతమైన రోమన్ చక్రవర్తి పేరూ అదే.

ఉచ్చారణ: ప్రాచీన పద్ధతిలో ‘పెర్టినాకియా’, చర్చి లాటిన్‌లో ‘పెర్టినాచియా’.