ఫామ్‌లో ఎర్రర్ మెసేజ్ రూపాన్ని జావాస్క్రిప్ట్‌తో మార్చడం ఎలా?

ఫామ్ తప్పుగా నింపితే బ్రౌజర్ చూపించే చిన్న బుడగకి మన రంగు, మన ఫాంట్ ఇవ్వవచ్చా అన్నది ప్రశ్న. ఆ బుడగ బ్రౌజర్ సొంతం, సీఎస్ఎస్‌కి (పేజీ రూపాన్ని నిర్ణయించే భాషకి) లొంగదు. దాన్ని ఆపి మన మెసేజ్ మనమే చూపించాలి.

ఫామ్ ట్యాగ్‌లో నోవాలిడేట్ అని రాస్తే బుడగ రాదు. అయితే అప్పుడు సబ్మిట్‌ని కూడా ఎవరూ ఆపరు. అందుకే సబ్మిట్ ఈవెంట్‌లో, ఫామ్ సరిగ్గా నింపారో లేదో చూసే చెక్‌వాలిడిటీని పిలిచి, అది ఫాల్స్ ఇస్తే ఫామ్ వెళ్లకుండా ప్రివెంట్‌డిఫాల్ట్‌తో మనమే ఆపాలి. ప్రతి ఇన్‌పుట్‌కి ఉండే వాలిడిటీ ఆబ్జెక్ట్‌లో వాల్యూమిస్సింగ్ (ఖాళీగా వదిలేశారు), టైప్‌మిస్‌మ్యాచ్ (ఈమెయిల్ వంటిది సరైన రూపంలో లేదు) వంటివి చూస్తే ఏ తప్పో తెలుస్తుంది. దాన్నిబట్టి ఇన్‌పుట్ కింద ఉన్న స్పాన్‌లో టెక్స్ట్‌కంటెంట్‌తో మాట పెట్టండి. యూజర్ టైప్ చేసింది మెసేజ్‌లో చూపించేటప్పుడు ఇన్నర్‌హెచ్‌టీఎంఎల్ వాడొద్దు, యూజర్ రాసిన కోడ్ పేజీలో నడిచే ప్రమాదం ఉంది.

రంగులను స్క్రిప్ట్‌లో నేరుగా రాయకండి. క్లాస్‌లిస్ట్.టాగుల్‌కి క్లాస్ పేరు, రెండో విలువగా తప్పుందా లేదా అన్నది ఇస్తే చాలు, తప్పుంటే క్లాస్ చేరుతుంది, లేకపోతే పోతుంది. రూపమంతా సీఎస్ఎస్‌లోనే ఉంటుంది, రేపు డిజైన్ మారినా స్క్రిప్ట్ ముట్టుకోనక్కర్లేదు.

చాలామంది వదిలేసేది ఒకటుంది. ఎరుపు రంగు ఒక్కటే పెడితే సరిపోదు, అది అందరికీ కనిపించదు. ఇన్‌పుట్ ట్యాగ్‌లో ఏరియా-ఇన్‌వాలిడ్‌ని ట్రూ చేసి, ఏరియా-డిస్క్రైబ్డ్‌బైతో స్పాన్ ఐడీని కలిపితే స్క్రీన్ రీడర్ (చూపులేనివారికి తెర మీది మాటలు చదివి వినిపించే సాఫ్ట్‌వేర్) కూడా మెసేజ్ చదువుతుంది. ఇది తప్పకుండా చేయండి.

మొదటి అక్షరానికే ఎర్రర్ చూపిస్తే యూజర్‌కి అనవసరంగా టెన్షన్. యూజర్ ఆ గడి వదిలి వెళ్లినప్పుడు వచ్చే బ్లర్ ఈవెంట్‌లో చూపించండి, సరిదిద్దగానే, టైప్ చేసిన ప్రతిసారీ వచ్చే ఇన్‌పుట్ ఈవెంట్‌లో తీసేయండి.