దాళ్వా ధాన్యం: ఒకచోట వడగళ్లు, ఒకచోట ఎండలు అంటే మనకేంటి?

వాతావరణ శాఖ బులెటిన్‌లో ఒకచోట వడగళ్లు, ఒకచోట ఎండలు అని ఉంది, అమలాపురంలో కళ్లంలో ఉన్న దాళ్వా (రబీ వరి) ధాన్యం సంగతేంటని అడిగారు. మీరు చూసింది దేశమంతటి బులెటిన్. అందులోని వడగళ్లు వెస్టర్న్ డిస్టర్బెన్స్ (పడమటి నుంచి ఉత్తర భారతానికి వచ్చే వాన వ్యవస్థ) వల్ల హిమాలయాల వైపు పడేవి. అమలాపురంలో మీ కళ్లానికి దాంతో సంబంధం లేదు, టెన్షన్ వద్దు.

1. బులెటిన్‌లో ‘కోస్తాంధ్ర, యానాం’ అన్న వరుస ఒక్కటే చదవండి.

2. చాలామంది పొరబడేది ఇక్కడే. వాతావరణ శాఖ లెక్కలో రోజంటే మర్నాడు ఉదయం 8:30 దాకా. ‘మొదటి రోజు ఉరుములు’ అంటే రేపు తెల్లారగట్ల కూడా రావచ్చు. కిందటేడు సాయంత్రం గండం గడిచిందనుకుని బరకం కప్పకుండా పడుకున్నాను. నాలుగింటికి జల్లు కొట్టి రాశి అడుగంతా తడిసి ముద్దయింది. దయచేసి రాత్రి కప్పే పడుకోండి.

3. మధ్యాహ్నం నుంచి నౌకాస్ట్ (రాబోయే మూడు గంటలకు వాతావరణ శాఖ ఇచ్చే హెచ్చరిక) చూస్తూ ఉండండి. మీ జిల్లా పేరుంటే వెంటనే ధాన్యం కుప్పకు లాగేయండి.